పాఠకుల ప్రశ్నలు: ప్రాణమున్న పనిముట్టు

గత నెల ఈ శీర్షికలో అరిస్టాటిల్ రాజనీతి గురించి వచ్చిన ఒక ప్రశ్నకు జవాబిస్తూ, బానిసత్వంపై ఆయన అభిప్రాయాలను ఒక్క వాక్యంతో దాటవేశాను. ఆ దాటవేతను పట్టుకుని వచ్చిన ఉత్తరాలతో ఈ నెల శీర్షిక మొత్తం నిండిపోయింది. మందలిస్తూ రాసినవారికి కూడా కృతజ్ఞతలు చెప్పుకుని జవాబులు మొదలుపెడుతున్నాను.

ప్రశ్న: సివిల్స్ పరీక్షకు తయారవుతున్నాను. మనిషి వివేకం గల జంతువు అని అరిస్టాటిల్ అన్నట్టు మా నీతిశాస్త్రం నోట్సులో మొదటి పేజీలోనే ఉంది. అదే అరిస్టాటిల్ కొందరు మనుషులు పుట్టుకతోనే బానిసలని ఎలా అనగలిగాడండీ? కోచింగ్‌లో అడిగితే ‘ఆ కాలం అలాంటిది’ అని సార్ ఒక్క ముక్కలో తేల్చేశారు. అంతకంటే చెప్పడానికేమీ లేదా?
— ఒక పాఠకురాలు, అశోక్‌నగర్

జవాబు: చాలా ఉందమ్మా. ఆ కాలం అలాంటిదన్న మాటలో నిజం లేకపోలేదు. క్రీ.పూ. 4వ శతాబ్దపు ఏథెన్సులో ఇంటిపని, పొలంపని, కుండల తయారీ, లారియం వెండిగనుల్లో తవ్వకం, ఇవన్నీ చాలావరకు బానిసల చేతుల మీదుగా నడిచేవి. అంతకు ముందు తరంలో నికియాస్ అనే సేనాని వెయ్యిమంది బానిసలను గనులకు అద్దెకిచ్చి, తలకు రోజుకొక ఓబోల్ (చిన్న వెండి నాణెం) చొప్పున రాబడి పొందేవాడని ఏథెన్స్ రచయిత జెనోఫోన్ రాశాడు. అయినా కాలం మీద నెట్టేస్తే సరిపోదనడానికి సాక్షి స్వయంగా అరిస్టాటిలే. ‘పాలిటిక్స్’ మొదటి భాగంలో తన వాదం మొదలుపెట్టే ముందే ఆయన ఎదుటిపక్షం మాటను నమోదు చేశాడు. యజమాని, బానిస అనే తేడా చట్టం పెట్టినదే తప్ప ప్రకృతిలో లేదని, అది బలప్రయోగం మీద నిలబడినది కనుక న్యాయం కాదని కొందరు అంటున్నారట. ఆ కొందరు ఎవరో ఆయన చెప్పలేదు గానీ, ఒక పేరు మనకు వేరే దారిలో దొరికింది. తరతరాలుగా స్పార్టా కింద హెలట్లుగా, అంటే భూమికి కట్టుబడ్డ దాసులుగా మగ్గిన మెసేనియా ప్రజలు క్రీ.పూ. 370–369 ప్రాంతంలో విముక్తి పొందినప్పుడు, వక్తృత్వ గురువు గోర్గియాస్ శిష్యుడైన ఆల్కిడమాస్ అనే వక్త వారి పక్షాన ఒక ప్రసంగం రాస్తూ, దేవుడు అందరినీ స్వేచ్ఛగానే వదిలాడు, ప్రకృతి ఎవరినీ బానిసగా చేయలేదు అన్నాడు. ప్రసంగం పోయింది. అరిస్టాటిల్‌దే అయిన ‘రెటోరిక్’ అనే గ్రంథానికి ఒక పాత వ్యాఖ్యాత రాసుకున్న టిప్పణిలో ఈ మాట ఒక్కటీ మిగిలింది. కాబట్టి అరిస్టాటిల్ రాసినదాన్ని ఆక్షేపణ విన్నాక ఇచ్చిన సమాధానంగానే చదవాలి, సమాధానంగానే తూచాలి.

ముందుగా మీ నోట్సులో ఒక చిన్న సవరణ. ‘వివేకం గల జంతువు’ అన్న సూత్రం తర్వాతివాళ్ళు బిగించి కట్టినది. ఆయన రాసిన మాట ఏమిటంటే, జంతువులన్నింటిలో మనిషికి మాత్రమే లోగోస్ ఉంది అని. ఈ గ్రీకు పదానికి సరితూగే పదం తెలుగులో ఒక్కటి దొరకదు. మాట, లెక్క, కారణం, వివేచన, ఇవన్నీ లోగోసే. జంతువు అరుపు బాధనూ సుఖాన్నీ తెలుపుతుంది, మనిషి మాట మేలుకీళ్ళనూ న్యాయాన్యాయాలనూ తెలుపుతుంది, అలాంటి మాటను పంచుకోవడం వల్లనే ఇల్లూ నగరమూ ఏర్పడ్డాయి అన్నది ఆయన వాదం. ఇంతవరకు ఎవరికీ పేచీ ఉండదు. కానీ ఆ వెంటనే ఇంట్లోకి అడుగుపెట్టి, ఇల్లు గడవడానికి పనిముట్లు కావాలి, వాటిలో కొన్ని ప్రాణం లేనివి, కొన్ని ప్రాణమున్నవి అంటాడు. ఓడ నడిపేవాడికి చుక్కాని ప్రాణం లేని పనిముట్టు, ఓడ ముందు నిలబడి దారి చూసే మనిషి ప్రాణమున్న పనిముట్టు. ఇంట్లో బానిస కూడా అలాంటి ప్రాణమున్న పనిముట్టే.

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. ఆ పనిముట్టుకు లోగోస్ ఉందా? లేదంటే అది మనిషి కాదు. ఉందంటే అది పనిముట్టు కాకూడదు. అరిస్టాటిల్ ఈ రెంటి మధ్య ఒక సన్నని గట్టు మీద నడవబోయాడు. స్వభావసిద్ధమైన బానిసకు లోగోస్‌ను గ్రహించేటంత పాలు మాత్రమే ఉంటుంది, లోగోస్ తన సొంతంగా ఉండదు అన్నాడు. మొదటి భాగం చివరికి వచ్చేసరికి ముడి ఇంకా బిగించాడు. మంచిచెడ్డలు బేరీజు వేసి నిర్ణయించుకునే శక్తి బానిసకు అసలే ఉండదట, స్త్రీకి ఉంటుంది గానీ దానికి అధికారం ఉండదట, పిల్లవాడికి ఉంటుంది గానీ ఇంకా పండి ఉండదట. (మధ్యలో ఉన్న మాట మీ కంటపడే ఉంటుంది. దాని లెక్క వేరే నెలలో తేల్చుకుందాం.)

ఆ గట్టు నిలిచేది కాదు. కత్తికి ఆజ్ఞ అర్థం కాదు. ‘బజారుకు వెళ్ళి మంచి చేపలు ఏరి పట్టుకురా, ధర మరీ ఎక్కువైతే వదిలెయ్యి’ అన్న మాట అర్థమైన మనిషి, మంచివంటే ఏవో, ఎక్కువంటే ఎంతో తానే తేల్చుకోవాలి, ఎందుకంటే యజమాని వెంట రాడు. ఇంకొకరి వివేచనను గ్రహించడమంటేనే వివేచించడం. ఈ సంగతి అరిస్టాటిల్‌కు తెలియకపోలేదని ఆయన పుస్తకమే పట్టిస్తుంది. బానిసలకు కారణాలు చెప్పనక్కరలేదు, ఆజ్ఞలు చాలు అనేవారిది తప్పని, పిల్లలకంటే కూడా బానిసలకే బుద్ధిమాటలు ఎక్కువ చెప్పాలని అదే మొదటి భాగంలో రాశాడు. బేరీజు వేసుకునే శక్తి అసలే లేనివాడికి బుద్ధిమాట ఎక్కడ ఇంకుతుంది? ఏడో భాగంలో ఇంకో మాట ఉంది. బానిసలందరి ముందూ స్వేచ్ఛను బహుమతిగా ఉంచడం మంచిది, ఎందుకన్నది తర్వాత చెబుతాను అన్నాడు. మనకు దక్కిన గ్రంథంలో ఆ ‘తర్వాత’ ఎక్కడా రాదు. రేపటి స్వేచ్ఛ కోసం ఇవాళ ఒళ్ళు దాచుకోకుండా పనిచేసే మనిషి రేపటినీ ఇవాళనూ ఎదురెదురుగా పెట్టి తూచుకున్న మనిషే కదా. పైగా స్వభావసిద్ధమైన బానిసకు బానిసత్వం మేలు చేస్తుందని చెప్పినదీ ఆయనే కనుక, ఆయన లెక్క ప్రకారం స్వేచ్ఛ అతడికి శిక్ష కావాలి.

ఒకచోట ఆయన నిజాయితీగా ఇబ్బంది ఒప్పుకున్నాడు. ప్రకృతి బానిసల శరీరాలను బరువుపనికి తగ్గట్టు, స్వతంత్రుల శరీరాలను నిటారుగా చేయాలనే చూస్తుంది గానీ తరచు తారుమారవుతుంది, ఆత్మ అందం ఒంటి అందంలా కంటికి ఆనదు అన్నాడు. అంటే ఎదురుగా నిలబడ్డ మనిషి స్వభావం చేత బానిసో కాదో చూసి చెప్పలేమన్నమాట. మరి సంతలో కొనేవాడు దేన్ని చూసి కొంటున్నట్టు? ఆచరణలో జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉండేది, గ్రీకులు కానివాళ్ళందరూ అని. ఆ జవాబుకు ఊతంగా ఏడో భాగంలో ఆయన దేశాల పట్టిక కూడా వేశాడు. చలిదేశాల వారికి తెగువ ఉండి తెలివి తక్కువ, ఆసియా వారికి తెలివి ఉండి తెగువ లేదు కనుక ఎప్పుడూ పరుల ఏలుబడిలో ఉంటారు, నడుమనున్న గ్రీకులకు రెండూ ఉన్నాయి అని. కాస్త ఆగి చూడండి. మొదటి భాగంలో వివేచన లేకపోవడం వల్ల బానిసలయినవారు ఏడో భాగానికి వచ్చేసరికి తెలివైనవారే, కాకపోతే పిరికివారు. కారణం మారింది, తీర్పు మారలేదు. తీర్పు ముందే రాసిపెట్టుకుని కారణాల కోసం వెతికే న్యాయమూర్తులను చూసినవారికి ఈ వరస కొత్త కాదు.

తత్వవేత్తల వాదం ఇలా ఉండగా, ఏథెన్స్ నగరం మాత్రం రోజువారీ వ్యవహారంలో బానిస బుద్ధిని నమ్ముకునే బతికింది. క్రీ.పూ. 375–374లో చేసిన ఒక చట్టం చెక్కిన రాతిఫలకం 1970లో అక్కడి తవ్వకాల్లో బయటపడింది. నగర కూడలిలో షరాబుల బల్లల మధ్య కూర్చుని, తెచ్చిన వెండి నాణెం అసలుదో నకిలీదో తేల్చే పరీక్షకుడు ప్రభుత్వ బానిస అని అందులో ఉంది. అతడు చెల్లుతుందన్న నాణేన్ని కాదన్న వ్యాపారి ఆ రోజు అమ్మకానికి పెట్టిన సరుకంతా జప్తు. విధి సరిగా నిర్వర్తించకపోతే ఆ పరీక్షకుడికి 50 కొరడాదెబ్బలు. అదే శతాబ్దంలో పాసియోన్ అనే బానిస తన యజమానుల వడ్డీవ్యాపారం నడిపి, విడుదలై, ఏథెన్స్ పౌరుడయ్యాడు. అతడి దగ్గర బానిసగా ఉండి విడుదలైన ఫోర్మియోన్ ఆ తర్వాత ఆ వ్యాపారాన్ని అందుకున్నాడు. ఏథెన్స్, స్పార్టాల మధ్య జరిగిన పెలొపొనీషియన్ యుద్ధంలో క్రీ.పూ. 413లో స్పార్టా సేన ఏథెన్సుకు దగ్గరలోని డెకెలియాలో స్థావరం వేశాక ఇరవై వేలకు పైగా బానిసలు ఏథెన్స్ విడిచి పారిపోయారని, వారిలో ఎక్కువమంది చేతివృత్తుల పనివారని చరిత్రకారుడు థ్యూసిడిడీస్ రాశాడు. బేరీజు వేసుకునే శక్తి లేనివాళ్ళు అదను చూసుకుని గోడ దాటరు. దూరమెందుకు, ఇథియోపియాలో పుట్టి, చేతులు మారుతూ అమ్ముడుపోయి, చివరికి అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపి మొగలు సేనలను ముప్పుతిప్పలు పెట్టిన మలిక్ అంబర్ మన దక్కన్ చరిత్రలోనే ఉన్నాడు.

అదే ఏథెన్సులో న్యాయస్థానం మాత్రం బానిస సాక్ష్యాన్ని చిత్రహింస పెట్టి రాబడితేనే చెల్లుబాటుగా ఎంచేది. ఆ హింసకు గ్రీకులో బసనోస్ అని పేరు. ఆ పదానికి మొదటి అర్థం గీటురాయి. నాణేల బల్ల దగ్గర బానిస పరీక్షించేవాడు, న్యాయస్థానంలో అతడి ఒళ్ళే గీతపడే లోహం.

నా మటుకు నాకు అనిపించేది ఇది. అరిస్టాటిల్‌కు కనపడనిది బానిస వివేచన కాదు. ఫలానావారికి వివేచన ఉందా లేదా అని పరీక్షపెట్టే హక్కు యజమానికి ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న ఆయనకు ప్రశ్నగానే తోచలేదు. తన అవసరాన్ని మాత్రం ఆయన దాచలేదు. నాడె (మగ్గంలో అటూ ఇటూ పోగును మోసే పనిముట్టు) తనంతట తాను నేతలో పరుగెత్తగలిగితే, కమ్మరి దేవుడైన హెఫెస్టస్ చేసిన ముక్కాలి పీటల్లా పనిముట్లు చెప్పగానే కదిలితే, యజమానులకు బానిసలు అక్కరలేకపోయేవారని రాశాడు. పోచంపల్లిలో మగ్గం చూసినవారికి ఆ నాడె ఊహ వెంటనే కళ్ళకు కడుతుంది. విచిత్రమేమంటే ఆ షరతు నెరవేరింది. 19వ శతాబ్దపు లాంకషైర్ మిల్లుల్లో నాడె తనంతట తానే పరుగెత్తింది. ఆ మిల్లులకు కావలసిన పత్తి అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో బానిసలు ఏరినది. యంత్రం వచ్చాక బానిసల అక్కర తగ్గకపోగా పెరిగింది.

ఇదంతా పాత గ్రంథాల గొడవగానే మిగిలిపోయి ఉంటే బాగుండేది. 1550లో స్పెయిన్‌లోని వయ్యడోలిద్ నగరంలో, అమెరికా ఖండపు ఆదివాసులను యుద్ధం చేసి లోబరచుకోవడం న్యాయమేనా అన్న వాదం జరిగినప్పుడు, న్యాయమేనన్న పండితుడు సెపుల్వెదా చేతిలో ఉన్న ఆయుధం ‘పాలిటిక్స్’ మొదటి భాగమే. ఎదురు నిలిచిన క్రైస్తవ సన్యాసి లాస్ కసాస్, ఆ ప్రజల ఊళ్ళూ పాలనా కళలూ చూపించి, వీరు అరిస్టాటిల్ చెప్పిన మనుషులు కారని వాదించాడు. గమనించారా, ఆయన కూడా పరీక్షను ఒప్పుకుని, వీరు అందులో నెగ్గారనే వాదించవలసి వచ్చింది.

మీ పరీక్షలో నూటయాభై మాటల్లో ఇదంతా పట్టదని నాకు తెలుసు. ఆల్కిడమాస్ పేరు ఒక్కటి రాయండి, ‘ఆ కాలం అలాంటిది’ అన్న వాక్యం దానంతట అదే ఎగిరిపోతుంది.

ప్రశ్న: ముప్ఫై ఏళ్ళు లెక్కల మాస్టారుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. చతురస్రం వైశాల్యం పాఠం వచ్చినప్పుడల్లా, సోక్రటీస్ ఒక బానిస బాలుడి చేత లెక్క చేయించిన కథ పిల్లలకు చెప్పేవాణ్ణి. మొన్న మనవరాలికి చెబితే, ‘ఆ అబ్బాయిని తర్వాత బడిలో వేశారా తాతయ్యా?’ అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. మీరైనా చెప్పండి.
— ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: వేయలేదు మాస్టారూ. వేసినట్టు ప్లేటో రాయలేదు. కథ తెలియని పాఠకుల కోసం క్లుప్తంగా చెబుతాను. ప్లేటో రాసిన ‘మెనో’ సంభాషణలో, ఎవరికీ ఏదీ కొత్తగా నేర్పలేమని, ఆత్మ తనకు తెలిసినదాన్నే గుర్తుచేసుకుంటుందని సోక్రటీస్ అంటాడు. రుజువు చూపమంటే, తనతో మాట్లాడుతున్న ధనవంతుడు మెనో వెంట వచ్చిన బానిసల్లో ఒకరిని పిలిపిస్తాడు. పిలిచే ముందు అడిగినది ఒక్కటే, ఇతడు గ్రీకువాడేనా, గ్రీకు మాట్లాడతాడా అని. మా ఇంట్లో పుట్టినవాడే అంటాడు మెనో. భుజం రెండడుగులున్న చతురస్రం గీసి, దానికి రెట్టింపు వైశాల్యం కావాలంటే భుజం ఎంత ఉండాలని సోక్రటీస్ అడుగుతాడు. నాలుగడుగులు అంటాడు ఆ కుర్రాడు. గీసి చూస్తే వైశాల్యం పదహారు వచ్చింది, కావలసినది ఎనిమిది. అయితే మూడడుగులు అంటాడు. తొమ్మిది వచ్చింది. అప్పుడు నాకు తెలియదు అన్నాడు. మాస్టారుగా మీకు ఆ క్షణం విలువ నేను చెప్పనక్కరలేదు. ఆ తర్వాత మూల నుంచి మూలకు గీసిన కర్ణమే రెట్టింపు చతురస్రానికి భుజమవుతుందని ఒక్కో ప్రశ్నకు ఒక్కో జవాబు చెబుతూ తానే చేరుకున్నాడు. ఇవే ప్రశ్నలు పలుసార్లు పలువిధాలుగా అడిగితే ఎవరికీ తీసిపోనంత కచ్చితంగా ఇతడికి తెలుస్తుందని సోక్రటీసే అన్నాడు. మళ్ళీ అడిగినవాళ్ళు మాత్రం లేరు. సంభాషణ సద్గుణాన్ని నేర్పగలమా అన్న మొదటి ప్రశ్నకు మళ్ళింది, అతడి పని అయిపోయింది.

ఆత్మ గుర్తుచేసుకుంటుందన్న సిద్ధాంతం నిలిచినా నిలవకపోయినా, ఒక సంగతి మాత్రం ఆ దృశ్యంలో రుజువైపోయింది. బడి ముఖం చూడని బానిస వివేచన, అడిగినవాడు ఓపికగా అడిగితే, ధనవంతుడైన యజమాని వివేచన ఎంత దూరం వెళ్తుందో అంత దూరమూ వెళ్తుంది. ప్లేటో దీన్ని రాసి కూడా దాని వైపు తిరిగి చూడలేదు. అన్నట్టు, ఆ కుర్రాడి పేరు మనకు తెలియదు, వయసు కూడా కచ్చితంగా తెలియదు. అతడిని పిలవడానికి వాడిన ‘పైస్’ అన్న పదానికి పిల్లవాడని అర్థమున్నా, గ్రీకులు ఏ వయసు బానిసనైనా అలాగే పిలిచేవారు. అమీర్‌పేటలో ఏ కార్యాలయానికి వెళ్ళినా నలభై అయిదేళ్ళ మనిషిని ‘బాయ్’ అని పిలవడం వినిపిస్తూనే ఉంటుంది. బానిసకు వారి భాషలో ఇంకో పేరూ ఉంది, ‘ఆండ్రపోడన్’ అని. పశువును నాలుగుకాళ్ళది అన్నట్టు, మనిషికాళ్ళది అని దాని అర్థం.

ప్లేటో చివరి రోజుల్లో రాసిన ‘లాస్’ అనే గ్రంథంలో హోమర్ పద్యం ఒకటి ఉదహరించాడు. మనిషి మీద బానిసత్వపు రోజు పడ్డప్పుడు జ్యూస్ దేవుడు అతడి బుద్ధిలో సగం లాగేసుకుంటాడని దాని భావం. మనకు దక్కిన ‘ఒడిస్సీ’ ప్రతుల్లో పోయే సగం బుద్ధి కాదు, మనిషి యోగ్యత. ఆ మాట అన్న పాత్ర కూడా యజమాని కాదు, చిన్నప్పుడు అపహరణకు గురై అమ్ముడుపోయిన రాకుమారుడు, పందుల కాపరి యుమాయస్. బానిసత్వం మనిషిని ఏం చేస్తుందో అనుభవించినవాడు చెప్పిన మాట, యజమానుల చర్చలోకి వచ్చేసరికి బానిస తెలివి మీద అనుమానంగా మారింది. అదే గ్రంథంలో వైద్యుల పోలిక కూడా మీ మనవరాలికి చెప్పదగ్గది. బానిసలకు వైద్యం చేసే బానిస వైద్యుడు రోగి మాట వినకుండా, ఏమీ వివరించకుండా, నియంతలా మందు చెప్పి పరుగున పోతాడట. స్వతంత్రుడైన వైద్యుడు జబ్బు పుట్టుక గురించి రోగితో మాట్లాడి, ఒప్పించి, అప్పుడు మందిస్తాడట. లోగోస్ ఎవరికి ఉంది అన్నది, ఎవరితో మాట్లాడే ఓపిక మనకు ఉంది అన్నదాని మీద ఎంతగా ఆధారపడుతుందో ఈ పోలికలో తెలిసిపోతుంది. మన ఆసుపత్రుల్లో రెండు రకాల వరండాలూ చూసినవారికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

ప్రశ్న: మనసు స్వేచ్ఛగా ఉంటే ఒంటికి సంకెళ్ళున్నా మనిషి స్వతంత్రుడేనని స్టోయిక్కులు చెప్పారని చదివాను. ఇది ఉన్నదానితో తృప్తిపడమని పేదవాడికి చెప్పే నీతి కాదా?
— ఒక పాఠకుడు, ఏ.సీ. గార్డ్స్

జవాబు: సగం అవును. (నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వికదళం పేరు మోస్తున్న పేటలో నుంచి ఈ ప్రశ్న రావడం నాకు నచ్చింది.) క్రీ.పూ. 300 ప్రాంతంలో ఏథెన్సులో జీనో మొదలుపెట్టిన ఈ సంప్రదాయం అరిస్టాటిల్ కట్టిన గట్టును తవ్విపారేసింది. లోగోస్ విశ్వమంతా వ్యాపించినది, మనుషులందరూ దానిలో భాగస్థులే, కనుక స్వభావం చేత ఎవరూ బానిస కారు. బానిస అంటే జీవితాంతం కూలికి కుదిరిన మనిషి అని వారిలో ఒకడైన క్రిసిప్పస్ అన్నాడు. అక్కడి నుంచి విముక్తి దాకా ఒక్క అడుగే ఉందనిపిస్తుంది, కానీ వారు ఆ అడుగు పక్కకు వేశారు. ఒంటి బానిసత్వం బయటి సంగతి, మంచీ కాదు, చెడ్డా కాదు, అసలైన బానిసలు కోరికలకు లొంగినవారు అన్నారు. దీన్ని రోములో ఎందరో బానిసలను ఏలుకుంటున్న స్టోయిక్కు సెనెకా చెప్పినప్పుడు, ఆయన తన బానిసలతో కలిసి భోంచేయమని ఎంత చక్కగా రాసినా, నాకు మీ అనుమానమే వస్తుంది.

ఇంకో స్టోయిక్కు ఎపిక్టెటస్ చెప్పినప్పుడు అంత సులువుగా కొట్టిపారేయలేను. ఆయన నీరో చక్రవర్తి కొలువులోని ఎపాఫ్రోడిటస్‌కు బానిస. ఆ ఎపాఫ్రోడిటస్ కూడా ఒకప్పటి బానిసే. ఎపిక్టెటస్ అన్నది కూడా ‘సంపాదించుకున్నది’ అన్న అర్థమున్న మాట. నా కాలికి సంకెల వేయగలవు గానీ నా ఎంపికను జ్యూస్ కూడా గెలవలేడు అన్నాడు. వేడినీళ్ళు తేలేదని బానిస మీద మండిపడే యజమానితో, వాడు నీ తోబుట్టువు, నీకు మల్లే జ్యూస్ సంతానం, నువ్వు చూపించే కొనుగోలు చట్టాలు చచ్చినవాళ్ళ చట్టాలు అన్నాడు. అదే మనిషి, విడుదలైతే చాలు సుఖమే అనుకున్న బానిస, విడుదలయ్యాక తిండికి లేక, ఒకప్పుడు వేరేవాళ్ళు నాకు బట్టా తిండీ పెట్టేవారు, జబ్బుచేస్తే చూసేవారు అని వగచే దృశ్యం కూడా వర్ణించాడు. ఇది తృప్తిపడమనే నీతి కంటే చేదైనది. యజమానికి అందని చోటు ఒకటి తనలో ఉందని బానిస తనకు తాను చెప్పుకోవడం వేరు, అదే మాట యజమాని బానిసకు చెప్పడం వేరు. మాట ఒకటే అయినా ఎవరు పలికారో చూసి విలువ కడతాను.

బానిసలను కొనడాన్నే నిలదీసినవాడి కోసం మాత్రం క్రీ.శ. 4వ శతాబ్దం దాకా ఆగాలి. గ్రీకులోనే రాసిన క్రైస్తవ బిషప్, నిస్సా నగరపు గ్రెగొరీ, ఒక ప్రసంగంలో కొనుగోలుదారును ఎదురుగా నిలబెట్టి, వివేచనకు ఎంత వెల కట్టావు, దేవుడి పోలికకు ఎన్ని ఓబోళ్ళు సరితూగాయనుకున్నావు అని అడిగాడు. నికియాస్ కట్టిన వెల రోజుకొక ఓబోల్. అక్కడి నుంచి ఈ ప్రశ్న దాకా ఇంచుమించు ఎనిమిది వందల ఏళ్ళు. పరీక్షకు నిలబడవలసినది అమ్ముడుపోయినవాడు కాదు, కొన్నవాడు అన్నది నాకు తెలిసినంతలో ఇంత సూటిగా కనిపించేది ఇక్కడే.

ప్రశ్న: భారతదేశంలో బానిసలు లేరని మెగస్తనీస్ రాశాడట. నిజమేనా?
— ఒక విద్యార్థి, తార్నాక

జవాబు: మౌర్యుల కొలువుకు రాయబారిగా వచ్చిన గ్రీకువాడు మెగస్తనీస్ అలా రాశాడన్నది నిజం, లేరన్నది నిజం కాదు. ఆయన గ్రంథం పోయింది, ఆ మాటను తర్వాతి కాలపు గ్రీకు రచయిత అరియన్ భద్రపరిచాడు. మౌర్యుల కాలం నాటిదని సంప్రదాయం చెప్పే కౌటిల్యుడి ‘అర్థశాస్త్రం’లో దాసుల గురించి ఒక అధ్యాయమే ఉంది. అశోకుడి తొమ్మిదో శిలాశాసనం దాసులనూ పనివారినీ సరిగా చూడమంటుంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఆ శాసనాల వరుస ఇప్పటికీ చూడవచ్చు. లారియం గనుల వంటివి కళ్ళముందు మెదిలే గ్రీకుకు, ఇక్కడి దాస్యం ఆ రూపంలో కనపడక, లేదనే తోచి ఉండవచ్చు. తెలంగాణ పల్లెల్లో దొరల గడీల ముందు చేసిన చాకిరీకి కూడా వాడుకలో పేరు వెట్టి.

దీనికి ఎదురుగా నాకు ఇష్టమైన సాక్ష్యం పాళీలో ఉంది. బౌద్ధ సూత్రాల సంకలనమైన మజ్ఝిమ నికాయంలోని అస్సలాయన సుత్తంలో, పుట్టుకతో తామే శ్రేష్ఠులమని వాదించడానికి వచ్చిన పదహారేళ్ళ బ్రాహ్మణ యువకుడితో బుద్ధుడు, యోన, కంబోజ దేశాల్లో రెండే వర్ణాలున్నాయని విన్నావా, ఆర్యుడు, దాసుడు, అక్కడ ఆర్యుడు దాసుడవుతాడు, దాసుడు ఆర్యుడవుతాడు అంటాడు. యోనులంటే గ్రీకులు. వారి బానిసత్వాన్ని చూసి అరిస్టాటిల్ ఇది ప్రకృతి అన్నాడు. అదే బానిసత్వం తారుమారు కావడం చూపించి బౌద్ధగ్రంథం, పుట్టుకలో ఏమీ లేదనడానికి వాడుకుంది.

ప్రశ్న: ఇంతకీ అరిస్టాటిల్‌కు సొంత బానిసలు ఉండేవారా? వారేమయ్యారు?
— ఒక పాఠకురాలు, వనస్థలిపురం

జవాబు: ఉండేవారు. క్రీ.పూ. 322లో చనిపోయిన ఆయన వీలునామాను, తత్వవేత్తల జీవితచరిత్రలు రాసిన డయోజెనిస్ లేర్షియస్ తన గ్రంథంలో పూర్తిగా ఇచ్చాడు. తనకు సేవచేసిన పిల్లల్లో ఎవరినీ అమ్మకూడదని, పనిలో ఉంచుకుని, తగిన వయసు వచ్చాక అర్హులైతే విడిచిపెట్టాలని అందులో ఉంది. ఎవరి కంటికి అర్హులైతే అన్నది ఆ వాక్యంలో లేదు. కొందరిని పేరుపేరునా విడిపించాడు. వారిలో ఆంబ్రాకిస్ అనే ఆమెకు స్వేచ్ఛతో పాటు, తన కూతురి పెళ్ళినాటికి 500 ద్రాఖ్మాలు, ఇప్పుడు ఆమె దగ్గరున్న పనిపిల్లను కూడా ఇవ్వమని రాశాడు. ఆ పిల్ల పేరు రాయలేదు.